ఎండుగుర్తు

మూడోసారి కూడా తేమసూది సున్నానే చూపింది. చౌడేశ్వరి దాన్ని ఎర్రబండ సందులోంచి లాగి తుడిచి, తల మీద తిరుగుతున్న సూర్యపిట్టకు అంకె చెప్పింది. రెక్కల మీద ఎండ పడితేనే ఎగిరే యంత్రమది. ఎర్రమల కొండల లోయలన్నీ ఆమె దాని వెంటే నడిచి కొలిచింది. నీరున్న చోట్లు గుర్తించే ఊటపటంలో మిగిలింది ఈ నూట పద్నాలుగో లోయే.

"నీరు లేదు. ఎండుగుర్తు వేయనా?" అంది పిట్ట.

ఈ రోజుతో పటం మూసేస్తారు. ఎండుగుర్తు పడ్డ లోయల్లో రేపటి నుంచి కరెంటు తీసే ఎండపలకలు పరుస్తారు. ఇక గొర్రె అడుగు పెట్టడానికి లేదు.

"వెయ్యద్దు పాపా," అంది బండ మీద కూర్చున్న సుంకమ్మ. ఆమె అరవై గొర్రెలకూ వేసవిలో ఈ లోయ తప్ప వేరే దిక్కు లేదు. "నీళ్లుండాయి. ఇంగా రాలేదంతే."

"వచ్చేదానికి అదేమన్నా బస్సా అవ్వా?"

"బస్సు కంటే నయం, టయానికొస్తాయి." సుంకమ్మ మేడిచెట్ల వైపు గడ్డం ఎత్తింది. "పగలంతా అవి తాగుతాయి. పొద్దు వాలినాక వాటి దప్పి తీరుతాది. మిగిలింది మనకి. నా గొర్రెలకు తెలుసు. నీ పిట్టకే తెలీదు, పొద్దుగూకక ముందే నిద్రపోతాది గదా!"

చౌడేశ్వరి నవ్వబోయి ఆగింది. పటంలోని కొలతలన్నీ మిట్టమధ్యాహ్నానివే. అది తప్పని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు, తనకూ తోచలేదు.

పిట్ట మళ్ళీ అడిగింది. ఆమె ఆగమని చెయ్యెత్తి, సుంకమ్మ పక్కన కూర్చుంది. ఎండ తగ్గేకొద్దీ దాని గొంతు సన్నబడింది. చివరికి అది రెక్కలు ముడిచి ఆమె మూట మీద వాలింది.

ఎదురుకొండ నీడ లోయను దాటింది. ఎవరూ తోలకుండానే గొర్రెలు లేచి ఎర్రబండ కిందికి నడిచాయి. బండ సందు నల్లబడి, చుక్కా చుక్కా రాలి, కాసేపటికి వేలెడు ధారై ఇసుకను తొలుచుకుంటూ ముందు గొర్రె మూతి దాకా వచ్చింది.

చౌడేశ్వరి చెప్పులు విడిచి అందులోకి దూకింది. మడమ కూడా మునగలేదు.

"ఏందే, కొలిచేదానివి కొలవకుండా గంతులేస్తాండావ్! జరుగు, గొర్రెలు తాగల్ల."

చౌడేశ్వరి సూది గుచ్చి, తడిచేతులతో పిట్టను ఎత్తుకుని అంకె చెప్పింది.

"వేళ మించిన కొలత చెల్లదు," అంది పిట్ట నీరసంగా.

"అయితే మళ్ళీ కొలవాలని రాసుకో. పొద్దు వాలినాక."

"ఈ లోయ ఒక్కటేనా?"

చౌడేశ్వరి తలెత్తి కొండల వరుస చూసింది. ఈపాటికి అన్ని లోయల్లోనూ చెట్లు తాగడం ఆపి ఉంటాయి.

"ఎండుగుర్తు పడ్డవన్నీ."

"అలాగైతే పటం ఈ రోజు మూతపడదు."

"పడకపోతే పోనీ," అని పిట్టను మూట మీద పెట్టి, "జరగండప్పా, నాక్కూడా!" అంటూ రెండు గొర్రెల నడుమ వంగి దోసిలి పట్టింది.