మిషన్ రెండో వైపు

షాపు తలుపు ఊడదీస్తే గానీ లామినేషన్ మిషన్ లోపలికి రాలేదు. సందు ఇరుకు, మిషన్ ఆరడుగులు. వ్యాను వాళ్లు దాన్ని ఎటు తిప్పినా ఏదో ఒక మూల గోడకు తగులుతోంది. బోర్డులాయన పక్కన నిలబడి నెమ్మది, నెమ్మది అంటున్నాడు. మేడ మెట్ల మీద టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ భార్య, "ఇంత వెడల్పుది దేనికండీ, వీధి వీధంతా అతికించేస్తారా?" అంది. ఆయన నవ్వలేదు.

ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ని బోర్డులాయన అనే అంటారు. కింద షాపు, పైన ఇల్లు. దుకాణాలకు పేర్లు, ఆసుపత్రులకు దారి చూపే గుర్తులు, వ్యాన్లకు స్టిక్కర్లు చేస్తాడు. అచ్చయిన షీట్ ఎండకీ వానకీ వెలిసిపోకుండా దాని మీద పలచని ఫిల్మ్ అతికించాలి. ఇన్నాళ్లూ ఆ పని కూతురిది. బల్ల మీద వంగి, ఫిల్మ్ వెనక కాగితం కొంచెం కొంచెంగా ఒలుస్తూ, రబ్బరు పలకతో రుద్దుకుంటూ పోయేది. ఆమె చేసిన షీట్‌లో బుడగ వెతికినా దొరకదు. ఇప్పుడామెకు వేరే ఊళ్లో, పటాలు అచ్చువేసే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి.

అందుకే మిషన్ అని ఆయన ఇంట్లో చెప్పాడు. అమ్మాయి వెళ్లాక చేత్తో చేసేవాళ్లెవరు అన్నాడు. తల్లీ కూతురూ నమ్మారు. బేరంలో ఏ మాట బయట పెట్టాలో, ఏ మాట నోట్లోనే ఉంచుకోవాలో ఆయనకు బాగా తెలుసు.

మెకానిక్ మధ్యాహ్నం దాకా మిషన్ కాళ్ల కింద చెక్కలు పెట్టి మట్టం చూశాడు. ఫిల్మ్ చుట్టను పై కడ్డీకి ఎక్కించాడు. బోర్డులాయన ముందు నిలబడి రెండు రబ్బరు రోలర్ల మధ్యకి మొదటి షీట్ పెట్టాడు. మూరెడు బాగానే వెళ్లింది. తర్వాత షీట్ పక్కకు జరిగి, ఫిల్మ్ మీద ఏటవాలుగా ముడత పడింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే ముడత. ముందు సరిచేసేసరికి వెనక వంకరపోతోంది. వెనక్కి పరిగెత్తేసరికి ముందు జారుతోంది. పాడైన షీట్లు ఆయన కాళ్లకు చుట్టుకున్నాయి.

కూతురు చూడలేక వచ్చి వెనక నిలబడింది. షీట్ అంచు రెండు చేతులా పట్టుకుంది. ఈసారి అద్దంలా వచ్చింది.

"అంతే సార్, దీనికి ఎప్పుడూ ఇద్దరుండాలి," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ. "అందుకే చిన్నది తీసుకోమన్నాను. ఒక్కరే నడుపుకోవచ్చు, మీ పనికి అదే ఎక్కువ. మీరేమో మా అమ్మాయి ఉంటుందిలే, ఇద్దరం చూసుకుంటాం అన్నారు."

కూతురి చేతుల్లో షీట్ ఆగిపోయింది. బోర్డులాయన వంగి, ఎప్పుడో బిగించేసిన మరను మళ్లీ బిగించసాగాడు.

వెళ్లేముందు మెకానిక్ ఒక సంగతి మరీ మరీ చెప్పాడు. పనయ్యాక పిడి ఎత్తి రోలర్లను విడదీయాలి. నొక్కిపెట్టి వదిలేస్తే రబ్బరు అణిగి గుంట పడుతుంది. ఆ తర్వాత ప్రతి షీట్ మీదా ఆ గుర్తు పడుతూనే ఉంటుంది.

అతను సందు దాటాక కూతురు తండ్రి వైపు తిరిగింది.

"నేను వెళ్తున్నానని తెలిసే కదా నాన్నా ఇది కొన్నావు," అంది కూతురు.

పెద్ద ఆర్డర్లు వస్తాయని, చిన్నదైతే అతుకులు పడతాయని ఆయన మొదలుపెట్టాడు. ఆ గొంతు సరుకు అంటగడుతున్నవాడి గొంతులా ఆయనకే వినిపించి మధ్యలో ఆపేశాడు.

"రెండో వైపు ఎవరు పట్టుకుంటారనుకున్నావు?"

"చూస్తూ చూస్తూ నన్నిలా వదిలేసి పోలేవనుకున్నానమ్మా."

భార్య మెట్ల మీదే కూలబడింది. "నోరు తెరిచి దాన్నే అడగొచ్చు కదండీ," అంది.

"అడిగితే వెళ్తానంటుంది."

"అంటాను," అంది కూతురు. "వెళ్తాననే అంటాను. కానీ అడిగావని గుర్తుంచుకునేదాన్ని. ఇప్పుడక్కడ ఏ కాగితం ముట్టుకున్నా, ఇక్కడ నువ్వు ముందుకీ వెనక్కీ పరిగెత్తడమే కనిపిస్తుంది. నువ్వు కొన్నది అదే కదా నాన్నా."

షాపుకొచ్చిన వాళ్లతో సర్దుకోండి, రేపు రండి, మీ కోసం చేస్తాను అంటూ కాలం నెట్టుకొచ్చిన మనిషి ఆయన. ఆ మాటల్లో ఒక్కటీ ఇప్పుడు చెల్లలేదు. మిషన్ వెనక్కి తీసుకోరు. ఉండమంటే కూతురు ఉంటుందేమో, ఉంటే ఆ మొహం రోజూ చూడాలి. వెళ్లమంటే ఈ షాపులో ఒక్కడే. ఎటు నుంచి లెక్కేసినా నష్టమే తేలింది, అదీ తాను చేతులారా రాసుకున్నది.

ఆదివారం పొద్దున బ్యాగుతో మెట్లు దిగిన కూతురికి మిషన్ చప్పుడు వినిపించింది. ముందు తండ్రి, వెనక తల్లి. తల్లి భయంతో షీట్‌ని బిగబట్టి గుంజుతోంది. ముడత మీద ముడత పడుతోంది. ఇద్దరిలో ఎవరికీ ఏం చేయాలో తెలియడం లేదు. కూతురి చేతులు ముందుకు సాగి, ఆగాయి.

"లాగొద్దమ్మా. ఊరికే పట్టుకో. వచ్చేదాన్ని రానియ్యి."

తల్లి పట్టు సడలించింది. షీట్ కొంచెం వంకరగానే వచ్చింది, కానీ వచ్చింది.

బోర్డులాయన మిషన్ ఆపాడు. స్విచ్ మీంచి చెయ్యి తియ్యకుండానే, "వెళ్తావా, అమ్మలూ?" అని అడిగాడు.

"వెళ్తాను నాన్నా."

జవాబు తెలిసే అడిగాడు. అయినా ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తల ఊపి, ఆమె చేతిలోని బ్యాగు అందుకుని సందులోకి నడిచాడు. నాలుగడుగులు వేసి, "ఒక్క నిమిషం" అని వెనక్కి వచ్చాడు.

బ్యాగు దించకుండానే రెండో చేత్తో పిడి ఎత్తాడు. రోలర్లు విడిపోయాయి. వాటి మధ్య ఖాళీలోంచి, మిషన్ అవతలి వైపు ఇంకా షీట్ అంచు పట్టుకునే నిలబడి ఏడుస్తున్న భార్య కనిపించింది.