ఏవండీ వర్సెస్ ఏమండీ

"ఏమండీ, లిఫ్టు ఎటువైపండీ?"

అడిగినవాడు అడిగింది ఎదురుగా వస్తున్న అమ్మాయిని. జవాబు చెప్పింది మాత్రం గోడలు.

"చెప్పండి! మీ సేవలో ఉన్నాను" అంది రిసెప్షన్ బల్ల మీది గుండ్రటి స్పీకరు. "చెప్పండి! మీ సేవలో ఉన్నాను" అంది పూలకుండీ పక్కది. కాఫీ మెషీను మీది స్పీకరు కాస్త ఆలస్యంగా అందుకుని, అదే మాటకి ఇంకాస్త తేనె పూసి మరీ చెప్పింది.

ఆ కుర్రాడు బయటి వానలో నిలువునా తడిసి వచ్చాడు. జుట్టు నుంచి కారుతున్న నీళ్ళు తుడుచుకుంటూ స్పీకర్లన్నిటినీ చూసి, చివరికి ఆ అమ్మాయిని చూశాడు.

"నేను మిమ్మల్నే అడిగానండీ. ఇంతమంది పలుకుతారని తెలీదు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆ మాట మీద నవ్వితే ఆ కంపెనీలో ఉద్యోగానికే ఎసరు.

"ఇక్కడ ఆ మాట వాడకండి."

"ఏ మాట? లిఫ్టా?"

"దానికి ముందుది."

"ఏమం..."

"అదే! అనకండి. మళ్ళీ మొదలెడతాయి."

"మరి మనుషుల్ని పిలవాలంటే ఎలాగండీ?"

"దగ్గుతాం."

నిజమే. ఆ ఆఫీసులో ఒకరినొకరు పిలుచుకోవాలంటే దగ్గేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో అంటురోగం పాకిందనుకుని ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకునేవారు.

కుర్రాడు చొక్కాలోంచి తడిసిన కాగితం ఒకటి తీశాడు. "ఈ నోటీసు రాసిన మహాతల్లి ఎవరో కాస్త చెబుతారా? నా యాప్ పేరు మార్చకపోతే నన్ను పాతాళానికి తొక్కేస్తుందట. చదివితే ప్రతి వాక్యం తుమ్మముల్లే. ఇంట్లో ఎవరూ పలకరించని మనిషై ఉంటుంది పాపం."

"నేనే రాశాను."

అతను కాగితం వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"మూడో పేరా మాత్రం చాలా బాగుందండీ" అన్నాడు.

ఆమె ఆ కంపెనీ న్యాయవిభాగంలో అందరికన్నా చిన్న లాయరు. ఇంట్లో ముద్దుగా లాయరమ్మ అనేవారు, మనమూ అలాగే అందాం. అతను ఒక్కడే కూర్చుని యాప్‌లు తయారుచేసుకునే ప్రోగ్రామరు. జన్మలో జుట్టు దువ్వడు గనక వాళ్ళ అమ్మమ్మ పెట్టిన పేరు చింపిరి.

కంపెనీ అమ్మే స్పీకరు పేరు 'ఏవండీ'. ఆ పేరుతో పిలిస్తే చాలు, పాటలు పాడుతుంది, లైట్లు ఆర్పుతుంది, వాతావరణం చెబుతుంది. అది ఊరంతా అమ్ముడుపోవడానికి కారణం వేరే ఉంది. భార్యలు "ఏవండీ" అని పిలిచినప్పుడల్లా అదే పలుకుతోంది, భర్తలు పేపరు చదువుకుంటున్నారు. లాయరమ్మ ఇంట్లోనూ ఒకటుంది, కంపెనీ ఉద్యోగులకి ఉచితంగా ఇచ్చింది. వాళ్ళ నాన్న దాన్ని కన్నకొడుకుకన్నా ప్రేమగా తుడుచుకుంటాడు. వాళ్ళమ్మ దాన్ని సవతిని చూసినట్టు చూస్తుంది.

ఆ మాట తమ ట్రేడ్‌మార్క్ అయింది గనక, తమ అనుమతి లేకుండా వ్యాపారంలో ఎవరూ వాడకూడదని కంపెనీ వాదన. ఒక నాటక సమాజానికి నోటీసు వెళ్ళింది. ఒక పెళ్ళిళ్ళ బ్యూరోకి వెళ్ళింది. కొట్టుకి వచ్చిన వాళ్ళందర్నీ "ఏవండీ" అని పలకరించే చిలక ఉన్న దుకాణదారుకీ వెళ్ళింది. దుకాణదారు క్షమాపణ చెప్పాడు. చిలక చెప్పలేదు.

ఇప్పుడు వంతు చింపిరిది. అతని యాప్ పేరు 'ఏమండీ'.

"మ కీ వ కీ తేడా ఏముందమ్మాయ్?" అన్నాడు లాయరమ్మ పై అధికారి. అందరూ ఆయన్ని సీనియర్ అనేవారు. "పెదాలు కలిస్తే మ, కలవకపోతే వ. ఎవరి పెదాలు ఎప్పుడు కలుస్తాయో అన్నదాని మీద మన వ్యాపారం ఆధారపడకూడదు."

లాయరమ్మ ఆ తడిసిన కుర్రాణ్ణి మీటింగ్ గదిలో కూర్చోబెట్టి, తువ్వాలు ఇప్పించి, అడిగింది. "పేరు మార్చుకుంటే గొడవే లేదు కదా? 'ఓయ్' అని పెట్టుకోండి."

"మా అమ్మమ్మ జన్మలో తాతయ్యని ఓయ్ అనలేదండీ."

"మీ అమ్మమ్మకీ దీనికీ ఏమిటి సంబంధం?"

"తాతయ్యకి చెవుడు. అమ్మమ్మ గొంతు చించుకుని పిలిచినా వినపడదు. వంటింట్లోంచి బాల్కనీకి ఆవిడే పరుగెత్తాలి, మోకాళ్ళకేమో నొప్పి. నా యాప్ ఇంట్లో ఒకచోట వింటూ ఉంటుంది. అమ్మమ్మ పిలవగానే తాతయ్య జేబులో ఫోను వణుకుతుంది. చెవుడున్న వాళ్ళు చాలామంది పెట్టుకున్నారండీ. అది వినాల్సిన మాటే దాని పేరు. మార్చమంటే, అమ్మమ్మ పిలుపు మార్చాలి."

లాయరమ్మ పెన్ను నోట్లో పెట్టుకుంది. నోటీసు రాసేటప్పుడు ఆమెకి ఎవరూ అమ్మమ్మ సంగతి చెప్పలేదు.

రాజీ కుదరలేదు. కేసు ట్రేడ్‌మార్క్ ఆఫీసుకి ఎక్కింది. హియరింగ్ ఆఫీసర్ ఒక నడివయసావిడ, కళ్ళజోడు పైనుంచి చూసే అలవాటు. ఇరుపక్షాలూ కలిసి ఒక ఇంటికి వెళ్ళి, రెండు యంత్రాలనీ వాడుకలో చూసి, జనం ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటున్నారో లేదో నివేదిక ఇమ్మంది.

సీనియర్‌కి ఆదివారం నిద్ర ముఖ్యం. అందుచేత లాయరమ్మే చింపిరి వాళ్ళ ఇంటికి వెళ్ళింది, సంచీలో స్పీకరు పెట్టుకుని.

అమ్మమ్మ తలుపు తీసి, లోపలికి రానిస్తూనే అడిగింది. "నువ్వేనా మా వాణ్ణి పాతాళానికి తొక్కేసేది?"

"అది... చట్టం భాష అమ్మమ్మగారూ."

"ఇంత బక్కపిల్లవి, ఏం తొక్కుతావు? కూర్చో. ముందు ఏదైనా తిను."

బాల్కనీలో తాతయ్య కుర్చీకాలికి మేకు కొడుతున్నాడు. ఆ సుత్తి చప్పుడుకి చెవులున్నవాళ్ళకే ఏమీ వినపడటం లేదు. అమ్మమ్మ వంటింట్లోంచి కదలకుండా, పెద్దగా గొంతు కూడా ఎత్తకుండా పిలిచింది.

"ఏమండీ!"

సుత్తి ఆగింది. తాతయ్య ఎడమ చేత్తో చొక్కాజేబు తడుముకున్నాడు. ముఖం వికసించింది. జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకుని, గుండెలోంచి ఎవరో పిలిచినట్టు, నవ్వుకుంటూ వంటింటి వైపు నడిచొచ్చాడు.

అదే క్షణంలో లాయరమ్మ సంచీ మాట్లాడింది.

"చెప్పండి! మీ సేవలో ఉన్నాను."

అమ్మమ్మ గరిటె పట్టుకుని గిర్రున తిరిగింది. "ఎవరే అది, సంచీలో?"

"మెషీనండీ."

"మెషీనుకి ఆ వయ్యారమేంటి? నా మొగుణ్ణి నేను పిలుచుకుంటే మధ్యలో పలకడానికి అదెవత్తి?"

తాతయ్యకి ఏమీ వినపడలేదు గానీ గరిటె చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. చింపిరి గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. లాయరమ్మ స్పీకరు గొంతు నొక్కే బటన్ కోసం వెతుక్కుంటూ, వెతుక్కుంటూ, తనూ నవ్వేసింది. అతను నవ్వు ఆపి ఆమె నవ్వు చూశాడు. అది ఆమె చూసింది. బటన్ దొరికినా కాసేపు నొక్కడం మరిచిపోయింది.

తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ వాన. బస్‌స్టాపు దాకా గొడుగు పట్టుకుని చింపిరి వచ్చాడు. ఒకటే గొడుగు. ఇద్దరి మధ్య ఇరుపక్షాలూ పాటించాల్సిన దూరం ఉంచడంతో ఇద్దరూ తడిశారు.

"కేసు గెలిస్తే మీకేం వస్తుందండీ?"

"సీనియర్ నా పేరు గుర్తుపెట్టుకుంటారు."

"ఇప్పుడేమని పిలుస్తారు?"

"దగ్గుతారు."

అతను నవ్వలేదు. గొడుగు కాస్త ఆమె వైపు జరిపాడు. "ఓడితే నేను తాతయ్య జేబులోంచి ఫోను తీసెయ్యాలి. అంతే. మిమ్మల్ని తిట్టుకోనులెండి. మీ పని మీరు చేస్తున్నారు."

తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకి. బస్సెక్కాక వెనకనుంచి చిన్న దగ్గు వినపడింది. తిరిగి చూస్తే చింపిరి వానలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. కంపెనీ నిబంధన పాటిస్తున్నాడు దొంగ.

నివేదికలో ఆమె జరిగింది జరిగినట్టు రాసింది. పిలిచినావిడకి ఎవర్ని పిలుస్తోందో తెలుసు. పలికినాయనకి ఎవరు పిలిచారో తెలుసు. పొరబడింది కంపెనీ స్పీకరు ఒక్కటే.

సీనియర్ చదివి ముఖం మాడ్చుకున్నాడు. "ముసలావిడ గందరగోళపడింది అని రాయమ్మాయ్."

"పడలేదు సార్. కోప్పడింది."

"కోపం గందరగోళానికి తోడబుట్టిన చెల్లెలు. రాసెయ్. హియరింగ్‌లో నువ్వే వాదించు."

ఆ వారమంతా లాయరమ్మకి మనసు మనసులో లేదు. ఎక్కడ ఎవరు దగ్గినా ఉలిక్కిపడి చూసేది. అబద్ధం రాయనని ఒక పక్క నిశ్చయంగా ఉంది. నిజమే వాదించినా, అది నిజం గనక వాదిస్తోందో, అతని కోసం వాదిస్తోందో తనకే తెలియడం లేదు. జీతమిచ్చే కంపెనీకి అది ద్రోహం. కంపెనీ పక్షాన వాదిస్తే తనకి తను ద్రోహం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

హియరింగ్ రోజు లేచి నిలబడింది. "మేడమ్, నేను ఈ కేసు నుంచి తప్పుకోవడానికి అనుమతి కోరుతున్నాను."

సీనియర్ కుర్చీ కిర్రుమంది.

"కారణం?" అంది ఆఫీసర్ కళ్ళజోడు పైనుంచి.

"వ్యక్తిగతం మేడమ్."

"రికార్డుకి అది చాలదు. వివరంగా."

టైపిస్టు వేళ్ళు గాలిలో ఆగి ఉన్నాయి. లాయరమ్మ గ్లాసెడు నీళ్ళు తాగింది. "ప్రతివాది విషయంలో... నిష్పక్షపాతంగా ఉండే స్థితిలో లేను."

"అంటే ఆయన మీద ద్వేషమా?"

"కాదు మేడమ్. దానికి... వ్యతిరేకం."

టైపిస్టు తలెత్తింది. "వ్యతిరేకం అని కొట్టనా మేడమ్, లేక ఆ మాటే కొట్టనా?"

"అమ్మాయి ఏది చెబితే అది."

లాయరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "ఇష్టం అని కొట్టండి."

చింపిరి దిగ్గున లేచాడు. "నాకేం అభ్యంతరం లేదండీ!"

"మిమ్మల్ని అడిగామా? కూర్చోండి."

బయట వరండాలో అతను పరుగున వచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. కేసు ముగిసేదాకా నాతో మాట్లాడకండి. మీరు నన్ను పావుగా వాడుకున్నారంటారు. మీ గెలుపుకే మచ్చ."

అతను తలూపి వెళ్ళిపోయాడు.

కంపెనీలో విచారణ జరిగింది. హెచ్ఆర్ అధికారి ఉద్యోగ ఒప్పందం తెరిచి పెట్టుకుని అడిగాడు. "ఈ ప్రేమ ఆఫీసు వేళల్లో పుట్టిందా?"

"ఎందుకండీ?"

"ఆఫీసు వేళల్లో ఉద్యోగి మనసులో పుట్టిన ఏదైనా కంపెనీ మేధో సంపత్తి కిందకి వస్తుంది."

"ఆదివారం పుట్టింది సార్. వాళ్ళ అమ్మమ్మ వంటింట్లో."

"కంపెనీ పరికరాలేమైనా వాడారా?"

లాయరమ్మ సంచీలో పలికిన స్పీకరుని తలుచుకుంది. ఇక అక్కడ ఉండి లాభం లేదని, ఆ గదిలోనే రాజీనామా రాసిచ్చి బయటికొచ్చేసింది.

కేసు సీనియరే వాదించాడు. ఆఫీసర్ ఓపిగ్గా విని తీర్పు చెప్పింది. "మీ బొమ్మ మీది, మీ రంగు మీది. మనిషిని మనిషి పిలుచుకునే మాట మాత్రం ఎవరి సొత్తూ కాదు. మీ లెక్కన నేను రోజూ పొద్దున్నే మా ఇంట్లో మీ హక్కు ఉల్లంఘిస్తున్నాను."

"అయితే తమరికి కూడా నిష్పక్షపాతం..." అని సీనియర్ లేవబోయాడు.

"ఆ మాట ఎరగని అధికారి ఎక్కడైనా దొరికితే తీసుకురండి."

చింపిరి గెలిచాడు. కంపెనీ మర్నాడే 'హలో' అన్న మాట కోసం దరఖాస్తు పెట్టుకుంది.

లాయరమ్మ ఇంట్లో కూర్చుని గుమ్మం వంక చూసింది. ఆ రోజు అతను రాలేదు. మర్నాడూ రాలేదు. వారం గడిచింది. పని అయిపోయింది, ఇక లాయరమ్మతో పనేముంది అనుకుంది. నాన్న ఏమైందని అడిగితే, ఉద్యోగం పోయిన బెంగ అని చెప్పింది. అమ్మ ఆమె ముఖం చూసి తల నిమిరింది.

ఆ సాయంత్రం కుండపోత. మెట్ల మీద చప్పుడు. తలుపు తీస్తే అమ్మమ్మ, తాతయ్య, వాళ్ళ వెనక ముద్దగా తడిసి చింపిరి.

తాతయ్య తన గొంతు తనకి వినపడదు గనక, రహస్యం చెబుతున్నాననుకుంటూ అపార్ట్‌మెంటు అదిరిపోయేలా అన్నాడు. "మీ అమ్మాయిని మా వాడికి ఇస్తారేమో అడుగుదామని వచ్చామండీ!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పై అంతస్తులో రెండు తలలు కిందికి వంగాయి.

నాన్న కంగారుగా అమ్మ వంక చూశాడు. అమ్మ కూతురి వంక చూసింది. "నన్నెందుకు చూస్తారు? అడగాల్సింది దాన్ని."

"నీకు ఇష్టమేనా తల్లీ?" అన్నాడు తాతయ్య.

"ఇష్టమే" అంది లాయరమ్మ తల వంచుకుని.

"ఆఁ?"

"ఇష్టమేనండీ."

"లేదంటోందా?" అని తాతయ్య దిగులుగా అమ్మమ్మని అడిగాడు.

"ఇష్టమే తాతయ్యా!" అని అరిచింది లాయరమ్మ, ఊపిరంతా పెట్టి. పై అంతస్తులో చప్పట్లు మోగాయి. ఎదురింటావిడ "శుభం" అని తలుపు మాత్రం వెయ్యలేదు.

పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళాక, ఇద్దరూ మెట్ల మలుపులో మిగిలారు.

"వారం రోజులు!" అంది ఆమె కోపంగా. "గెలిచిన రోజే రావచ్చుగా?"

"మీరే చెప్పారుగా, కేసు ముగిసేదాకా వద్దని. తీర్పు మీద అప్పీలుకి గడువు ఉంటుందట. అది దాటేదాకా ఆగుదామని..."

"ఆ గడువు ఎంతో తెలుసా? మూడు నెలలు!"

"తెలిసిందండీ. అందుకే ఏడుపుముఖంతో కూర్చున్నా. అమ్మమ్మ మెడపట్టి లాక్కొచ్చింది. వాళ్ళు నిజంగా అప్పీలు చేస్తే?"

"చెయ్యనీ. ఈసారి నీ తరఫున నేను వాదిస్తా."

అతను అలాగే నిలబడిపోయాడు. ఆమె ఏమన్నదో ఆమెకి ఇంకా తెలియలేదు. చున్నీ అంచుతో అతని నుదుటి మీది నీళ్ళు తుడుస్తోంది.

"ఏంటలా చూస్తావు? తడిసిపోయావు, లోపలికి రా" అంది.

అతనికి లోపలికి వెళ్ళాలని లేదు. ఆ మెట్ల మీదే నిలబడి, ఆమె నోట 'మీరు' మళ్ళీ వస్తుందేమోనని కాసేపు భయం భయంగా చూశాడు. రాలేదు.