పదిలో ఒక్క వంతు

"కిషన్‌రావుగారు ఉన్నారాండీ?"

దుకాణంలో ఫోన్ చూసుకుంటున్న అక్షయ్ తలెత్తాడు. ఎదురుగా వానకు సగం తడిసిన అమ్మాయి. ల్యాప్‌టాప్ బ్యాగును మాత్రం చున్నీలో చుట్టి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"మా నాన్న లోపలున్నడు. ఏం అమ్మనీకొచ్చినవ్?"

"అమ్మడానికే వచ్చానని ఎలా తెలిసింది?"

"కొననీకొచ్చినోళ్లు ముందుగాల బస్తాల చెయ్యి పెడ్తరు."

ఆమె వెంటనే మూతి విప్పి ఉన్న కందుల బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి చూసి, "పుచ్చులున్నాయి" అంది.

అక్షయ్‌కు దిమ్మ తిరిగింది. సంగారెడ్డి మార్కెట్‌లో ఆ మాట అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. అంటూ ఇంత అందంగా నవ్వినవాళ్లు లేరు.

ఆమె పేరు తేజస్విని. ఆమె తండ్రి కామరాజు, ఇక్కడి ఒక ప్లాంటులో ఉద్యోగానికి భీమవరం నుంచి వచ్చి కంపెనీ టౌన్‌షిప్‌లో స్థిరపడ్డాడు. ఆమె పటాన్‌చెరులో ఒక ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలో పనిచేస్తోంది. గుమ్మడిదల దగ్గరి పొలాన్ని మందుల కంపెనీకి అమ్మిన కిషన్‌రావు, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పమని ఆమెను పిలిపించాడు.

"షేర్లు, బాండ్లు, బంగారం మీకు తెలిసినవే కదండీ. వీటితోపాటు హెడ్జ్ ఫండ్ అని ఒకటుంది. మార్కెట్ పడినా ఎంతో కొంత సంపాదించాలని చూస్తుంది" అంది తేజస్విని.

"పడితే గూడ లాభమా?" అక్షయ్ నవ్వాడు. "నాన్నా, జెర పైలం. ఈమె వానల గూడ వడ్లు ఎండబెడ్తనంటది."

"పోయినేడు కందుల ధర పడుతుందని భయమేసి, సరుకు గోదాములో ఉండగానే మీ నాన్నగారు మిల్లుతో రేటు ఖాయం చేసుకున్నారట. ధర పడింది, ఆయన నష్టపోలేదు. ఇంచుమించు అలాంటి జాగ్రత్తే ఇదీను."

కిషన్‌రావు మీసాల కింద నవ్వుకున్నాడు. "ఇగ చాలు బిడ్డా. మొత్తం అండ్లనే పెడ్త."

"మొత్తమా! ఒక్క పైస గూడ పెట్టనియ్య!" అక్షయ్ లేచి నిలబడ్డాడు.

ఆ వారమంతా ఆమె వస్తూనే ఉంది. ఇద్దరూ కొట్లాడుతూనే ఉన్నారు. కొట్లాటకు కొట్లాటకు మధ్య చాయ్ తెప్పించేది మాత్రం అక్షయే.

తేల్చుకునే రోజు దుకాణంలో మరో నలుగురు షావుకార్లు కూర్చుని ఉన్నారు. పదిమందిలో బేరం పైకి చెప్పడం ఆ ఇంటి ఆనవాయితీ కాదు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. వద్దనుకుంటే చెయ్యి గుంజుకోవాలి.

"పదిల ఎన్ని వంతులు ఆ ఫండ్ల పెట్టాల్నో మీరిద్దరే తేల్చుండ్రి" అని కిషన్‌రావు ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పాడు.

అక్షయ్ గుంజుకోవడానికే చెయ్యి పెట్టాడు. ఆమె వేళ్లు తగిలాయి. వానలో వచ్చిన చల్లదనం ఇంకా వాటికి ఉంది. అంతే, గుంజుకోవాల్సిన చెయ్యి కాస్తా ఆమె ఐదు వేళ్లనూ పట్టేసుకుంది.

"ఐదా?" ఆమె గుసగుసగా అంది. "ఒక్క పైసా పెట్టనివ్వనన్నారు?"

"ఆగు... లెక్క తప్పిన."

"అయితే వదలండి."

వదల్లేదు. తేజస్విని బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒక్కో వేలే విడిపించుకుంది. చివరికి చిటికెన వేలు అతని చేతిలో మిగిలింది. దాన్ని మాత్రం తీసుకోలేదు.

"ఒక్క వంతు చాలండీ!" ఆనవాయితీ మరిచి పైకే అనేసింది. "ఇందులో పెట్టింది మూడేళ్లు బయటకు రాదు. నష్టం రాదని నేనూ మాటివ్వలేను. మిగతా తొమ్మిదీ వేర్వేరు చోట్ల పెడదాం."

షావుకార్లు మొహాలు చూసుకున్నారు.

"కొనెటోడు ఎక్కువ అడుగుతుంటే అమ్మెటోళ్లు తగ్గించుడు ఇయ్యాలనే సూస్తున్న" అన్నాడు కిషన్‌రావు.

రెండు రోజుల తర్వాత దుకాణానికి ఫోన్ వచ్చింది. తేజస్విని ఆఫీసు నుంచి రవళి.

"మీ కాగితాలు ఇగ నేను చూస్త సార్. టార్గెట్ కాలేదని తేజును ముంబైకి ఏస్తున్నరు. మీ పైసలు మొత్తం వస్తే ఇక్కడనే ఉంటుండె. ఇప్పుడు పాశమైలారంల ఆఖరి మీటింగ్‌ల ఉన్నది."

కిషన్‌రావు ఆ మాట చెప్పడం పూర్తయ్యేలోపే అక్షయ్ బైక్ స్టార్టయింది.

"వానల యాడికిరా?"

బైక్ అప్పటికే సందు మలుపు తిరిగింది.

పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలారు. ట్యాంకర్లు, కంపెనీ బస్సులు, వందల గొడుగులు. ఒక్కో గొడుగు కిందికీ వంగి చూస్తూ, తిట్లు తింటూ వెళ్లాడు. చాయ్ బండి రేకు కింద దొరికింది ఆమె.

"మీరా! ఈ వానలో?"

"మొత్తం పెడ్తం. నాన్నను నేను ఒప్పిస్త. నువ్వు పోవద్దు."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "నన్ను ఆపడానికి మీ నాన్నగారి డబ్బంతా ఒకేచోట పెడతారా? ఆ సంతకం నేను తీసుకోను. ఇంకోసారి అంటే మీతో మాట్లాడను కూడా."

అక్షయ్ మొహం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు. "అయితే నేనే ముంబైకొస్త."

"అక్కడేం చేస్తారు?"

"కందులమ్ముత."

"హిందీలో బేరం చేయడం వచ్చా?"

"నీతోని తెలుగులనే చేయరాలే. నేర్సుకుంట." ఊపిరి తీసుకున్నాడు. "ఈ రెండు రోజులు నువ్వు రాలే. దుకాణంల కూసోబుద్ది కాలే. ఇగ రోజూ గట్లనే అంటే నాతోని కాదు. నువ్వంటే ఇష్టం నాకు. చెప్పేసిన."

తేజస్విని నోరు తెరిచింది. అప్పుడే ఫోన్ మోగింది. తల్లి కమలాకుమారి. వాన హోరులో వినిపించక స్పీకర్ పెట్టింది.

"ఒసేయ్ తేజూ! కిషన్‌రావుగారట, నలుగురు షావుకార్లను వెంటేసుకుని వచ్చారు. తన టార్గెట్ పోయినా నిజం చెప్పిన పిల్ల చేతుల్లోనే మా డబ్బూ పెడతామంటున్నారు. మీ మేనేజరుకు ఇక్కణ్ణుంచే ఫోన్ చేశారు. ముంబై లేదన్నాడట!"

"అమ్మా! నిజమా?"

"ఆగవే, అయిపోలేదు. పెద్దాయన మాత్రం డబ్బు మాటే ఎత్తట్లేదు. వాళ్లబ్బాయికి నిన్ను అడుగుతున్నారు. మీ నాన్న నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఏం చెప్పమంటావు?"

తేజస్విని అక్షయ్‌ను చూసింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఒక కాలికి చెప్పు లేదు. ఊపిరి పీల్చడం కూడా మానేసినట్టున్నాడు.

"ముందు అందరికీ కాఫీ ఇవ్వమ్మా. మేం బయల్దేరుతున్నాం."

"మేమా? మేమంటే ఎవరెవరే?"

తేజస్విని ఫోన్ కట్ చేసి, అతనికంటే ముందే బైక్ దగ్గరికి పరుగెత్తింది.