పౌడరు నేల మీద అడుగులు

బల్లారాట్ ఊరు దాటి కార్లో రెండు గంటలు పోతే, గోధుమ పొలాల మధ్య ఒంటరిగా ఓ రేకుల డ్యాన్స్ హాలు ఉందండీ. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ కారు ఆపరు. లోపల ఏదో తిరుగుతుందట... అడుగుల చప్పుడు మాత్రం ఉండదట.

ట్రుగనీనా ఊళ్ళో ఉండే మన ద్వారకానాథ్ గారు అక్కడికి మూడు శుక్రవారాలు వెళ్ళారు. దెయ్యం కోసం కాదండీ బాబూ, పాట కోసం!

ఆయన హార్మోనియం మనిషి. ఈమధ్య కేజన్ పాటల పిచ్చి పట్టుకుంది. అవి అమెరికాలో లూసియానా పల్లెల్లో అకార్డియన్ మీద వాయించే పాటలు. అక్కడి ఓడ కళాసీ ఒకడి దగ్గర నేర్చుకున్న క్లెమ్ అనే ముసలాయన, శుక్రవారం రాత్రిళ్ళు ఆ హాల్లో ఒక్కడే కూర్చుని వాయించుకుంటాడని తెలిసింది. ఎనభై దాటాయి. ఫోన్ లేదు. ఆయనతోటే ఆ పాటలూ పోతాయి. ఎలాగైనా రికార్డు చేసుకోవాలి!

మొదటి వారం ఆఫీసు నుంచి అటే వెళ్ళారు. తొమ్మిదిన్నర. లోపల అకార్డియన్ మోగుతోంది! ప్రాణం లేచొచ్చింది. వాయిద్యం ఉన్నచోటికి బూట్లతో ఎలా వెళ్తాం? మేజోళ్ళతో సహా మెట్ల మీద విప్పేశారు. పాట మధ్యలో పలకరించకూడదని చడీచప్పుడూ లేకుండా వెళ్ళి, వెనకాల గోడవార నిలబడ్డారు...

పాట ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. పిలిస్తే పలుకు లేదు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే — ఖాళీ కుర్చీ.

రెండో వారమూ అంతే. తిరిగొస్తుంటే పెట్రోలు బంకు అబ్బాయి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ హాలుకా వెళ్ళారు మేట్? వద్దు. కొత్తగా మొదలైంది అక్కడ..."

ఇంట్లో చెబితే భార్య శ్యామసుందరి నవ్వింది. "దెయ్యం మిమ్మల్ని పట్టడమేంటండీ, మీరే దాన్ని పట్టుకు వేలాడుతుంటే!"

కూతురు సింధుజ తలైనా ఎత్తలేదు. "డాడ్, జస్ట్ యూట్యూబ్ ఇట్."

ఒళ్ళు మండిపోయిందండీ ఆయనకి. రానూపోనూ ఆరొందల కిలోమీటర్లు, ఒక్క పాట దక్కలేదు! ఈసారి తేల్చుకోవాలని మూడో వారమూ బయల్దేరారు.

మళ్ళీ ఆ మోత. మళ్ళీ బూట్లు మెట్ల మీద. గోడవార నిలబడి రికార్డింగ్ నొక్కారు. ఏదో వాల్ట్జ్... గుండెని పిండేసే వరస. పన్నెండు సెకన్లు...

ఆగిపోయింది.

చీకట్లోంచి ఓ బొంగురు గొంతు, గుసగుసగా —

"మళ్ళీ... వచ్చావా?"

దీపం ఆరింది. దబ్బుమని ఏదో పడింది.

అంతే! ద్వారకానాథ్ గారు ఒకటే పరుగు. కారెక్కి తలుపులన్నీ లాక్ చేసుకుని, పక్కూళ్ళో దీపాల కింద ఆపి, తెల్లారేదాకా అందులోనే ముడుచుకు కూర్చున్నారు.

పొద్దున్నే ఆ ఊళ్ళో బేకరీ తెరవగానే లోపలికెళ్ళారు. కాఫీ అడిగి, కౌంటరు దగ్గరున్న పెద్దావిడతో మెల్లగా అన్నారు.

"క్లెమ్ గారని... ఉన్నారా అసలు?"

"ఉన్నాడు. ఇందాకే బస్సెక్కేశాడు. క్వీన్స్‌లాండ్‌లో కూతురి దగ్గరికి. ఇంక రాడట."

"అయ్యో! ఎందుకండీ?"

"మూడు వారాలుగా హాల్లో ఏదో వస్తోందట. వెనకాల చీకట్లో నిలబడి చూస్తుందట. దీపం ఆర్పేస్తే పిలుస్తుందట. మేం నమ్మలేదు. కానీ డ్యాన్సుకి కాళ్ళు జారాలని నేలంతా పౌడరు చల్లుతాం కదా... అందులో అడుగులు కనిపించాయి. వట్టి పాదాలవి." ఆవిడ గొంతు తగ్గింది. "నిన్న దీపం ఆర్పేసి పక్క తలుపులోంచి పారిపోతూ కింద పడ్డాడు పాపం. అకార్డియన్ కూడా ఎవరికో ఇచ్చేశాడు. జన్మలో ముట్టుకోనన్నాడు."



కాఫీ అందించబోతూ ఆవిడ కౌంటరు మీంచి కిందికి చూసింది... చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బూట్లు హాలు మెట్ల మీదే ఉండిపోయాయండీ. ఆయన పాదాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.