గువ్వ తిప్పి పంపిన మనుషులు

సగం జుట్టు కత్తిరించాక నాన్న చేతిలో కత్తెర ఆగిపోయింది.

కుర్చీలో ఉన్నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయనకేమీ తెలియలేదు. బెంచీ మీద బొమ్మలేసుకుంటున్న గువ్వ మాత్రం చూసింది. నాన్న ఎడమచేత్తో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. పెదవులు బిగించాడు. మెల్లగా ఊపిరి తీసి, మెల్లగా వదిలాడు. ఆ తరవాత కత్తెర మళ్లీ ఆడింది.

అద్దంలో కూతురి కళ్లు కనబడగానే నాన్న నవ్వాడు. ఏం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఎప్పుడడిగినా నాన్న అంతే. ఏం లేదంటాడు.

చాలాకాలం కిందట సెలూన్ మెట్లు కడుగుతూ నాన్న జారిపడ్డాడు. నడుముకు తగిలిన దెబ్బ మానింది గాని నొప్పి పోలేదు. అది పూర్తిగా పోయే నొప్పి కాదని, అదుపులో పెట్టుకుంటూ బతకడం నేర్చుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి నాన్న పొద్దున్నే చాప పరుచుకుని ఆవిడ నేర్పిన వ్యాయామాలు చేస్తాడు. ఒకరి కటింగ్ అయ్యాక సెలూన్‌లో ఆ గోడనుంచి ఈ గోడకు నడుస్తాడు. కొందరికి నిలబడి కత్తిరిస్తే, కొందరికి చక్రాల స్టూలు మీద కూర్చుని కత్తిరిస్తాడు. మరీ ఎక్కువైతే తెర వెనక గదిలో వేడినీళ్ల సంచి పెట్టుకుని కాసేపు పడుకుంటాడు.

గువ్వకు ఇదంతా అయోమయంగా ఉండేది. ఒకసారి తన కాలు బెణికితే అమ్మ మంచం దిగనివ్వలేదు. మంచం మీదే తిండి, మంచం మీదే ఆటలు. కాలి నొప్పి తగ్గిపోయింది. నాన్న కూడా అలా కదలకుండా ఉంటే తగ్గిపోదూ? కాని ఉండనిచ్చేదెవరు? ఒకరి వెనక ఒకరు వచ్చి తల వంచి కూర్చుంటారు.

బడికి సెలవులు. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో పనికి వెళుతుంది. అందుకని గువ్వ పగలంతా సెలూన్‌లోనే ఉంటోంది. ఆ రోజు కటింగ్ అయిపోయాక నాన్న, కాసేపు నడుం వాల్చి వస్తానని, ఎవరైనా వస్తే కూర్చోబెట్టి పిలవమని చెప్పి తెర వెనక్కి వెళ్లాడు.

ఆయన అలా వెళ్లాడో లేదో, జుట్టు మెడమీదికి దిగిన కాలేజీ అబ్బాయి ఒకడు తలుపు తోశాడు. గువ్వ గబగబా ఎదురెళ్లింది.

"మా నాన్నకు ఒంట్లో బాలేదు. ఇవాళ కటింగ్ లేదు" అంది, గొంతు తగ్గించి.

అతను అయ్యో పాపం అనుకుంటూ వెళ్లిపోయాడు. ఇంత తేలికా అనిపించింది గువ్వకు.

నాన్న లేచి వచ్చి, ఎవరూ రాలేదా అని అడిగాడు. లేదంది. చెప్పాక ఆయన వైపు చూడలేక బొమ్మల మీదికి వంగింది. కాని నిద్రపోయి లేచిన నాన్న ముఖం తేటగా ఉంది. ఈ అబద్ధం మందులాంటిదిలే అనుకుంది.

మర్నాడు కూడా అలాగే చేసింది. ఆ మర్నాడూ అంతే. నాన్న తెర వెనక ఉన్నప్పుడు వచ్చిన వాళ్లను వచ్చినట్టే తిప్పి పంపింది. వాళ్లలో డ్రిల్లు మాస్టారు కూడా ఉన్నారు. ఆయన రిటైరై చాలాకాలమైంది. తల మీద పట్టుమని పది వెంట్రుకలు లేకపోయినా నెలనెలా వస్తారు. కత్తిరించడం చిటికెలో అయిపోతుంది. కబుర్లే ఎంతకీ తెమలవు.

మరి ఎప్పుడు రమ్మంటావని మాస్టారు అడిగారు. గువ్వకు ఏం చెప్పాలో తోచలేదు.

"ఇంక ఎప్పుడూ చెయ్యలేరేమో మాస్టారూ" అనేసింది.

మాస్టారు తల నిమురుకుంటూ కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. మెట్లు దిగి వెళ్లిపోయారు.

వీధిలో మాట పాకడానికి ఎంతసేపు? కొన్నాళ్లకు గువ్వ తలుపు దగ్గర కాపలా కాయాల్సిన అవసరమే లేకపోయింది. ఎవరూ రావడం లేదు. నాన్న సీసాలు సర్దాడు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. చివరికి తనే కస్టమర్ కుర్చీలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇంక నొప్పి తగ్గుతుందని గువ్వ ఎదురుచూసింది. తగ్గలేదు సరికదా, పెరిగింది. పగలంతా కూర్చున్న నాన్న సాయంత్రానికి కొయ్యలా బిగుసుకుపోయేవాడు. కుర్చీలోంచి లేవడానికే ఆపసోపాలు పడేవాడు. పొద్దుటి వ్యాయామాలు కూడా మానేశాడు. ఎందుకని అమ్మ అడిగితే, చేసి ఎక్కడికి పోవాలి అన్నాడు.

ఒక సాయంత్రం గువ్వ వంటింట్లో పళ్లేలు తుడుస్తోంది. ముందుగదిలో అమ్మ కింద కూర్చుని నాన్న మేజోళ్లు తీస్తోంది. ఆయన వంగలేకపోతున్నాడు.

"మధ్యలో నా చెయ్యి ఆగిపోవడం చూసి భయపడ్డారేమో" అన్నాడు నాన్న. "కత్తెర పట్టేవాడి మీద నమ్మకం పోయాక ఇంకెవరొస్తారు? సెలూన్ ఎవరికైనా ఇచ్చేద్దాం."

అమ్మ తల ఎత్తలేదు. ఆ మేజోళ్లను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

గువ్వ చేతిలో పళ్లెం ఎప్పుడో పొడిగా అయిపోయింది. అయినా తుడుస్తూనే ఉంది.

మర్నాడు సెలూన్ తెరిచిన కాసేపటికే డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆయన చెవి మీద చిన్న బ్యాండేజీ ఉంది. ఉన్న నాలుగు వెంట్రుకల కోసం వేరే చోటికి వెళితే చెవి కోసి పంపారట. అది చెప్పి ఆయన నవ్వబోయారు. నాన్న ముఖం చూసి ఆగిపోయారు.

"పని మానేశావని విన్నానయ్యా. ఒకసారి పలకరించి పోదామని వచ్చాను."

"మానెయ్యడమేంటి మాస్టారూ? ఎవరు చెప్పారు?"

మాస్టారు గువ్వ వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నారు. ఎవరో అనుకుంటుంటే చెవిన పడిందన్నారు.

ఆయన గువ్వ పేరు చెప్పలేదు. ఇక ఎవరూ చెప్పరు. గువ్వ ఊరుకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. నాన్న సెలూన్ ఇచ్చేస్తాడు, కూతురి వల్లే జనం రావడం మానేశారని ఎప్పటికీ తెలియకుండానే.

"నేనే చెప్పాను నాన్నా" అంది. "అందరికీ నేనే చెప్పాను. వచ్చిన వాళ్లను పంపేశాను."

మాస్టారు మళ్లీ వస్తానని లేచి వెళ్లిపోయారు. నాన్న అరుస్తాడని గువ్వ అనుకుంది. ఆయన అరవలేదు. ఎందుకలా చేశావని మాత్రం అడిగాడు.

"నువ్వు పడుకుంటే తగ్గుతుందని."

"నన్ను అడగొచ్చుగా తల్లీ?"

"అడిగితే నువ్వు ఏం లేదంటావు. ఎప్పుడూ అంతే." గువ్వకు ఏడుపు వచ్చేసింది. "నాకు కనిపిస్తూనే ఉంటుంది."

నాన్న చక్రాల స్టూలు జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఊరికే కూర్చుంటే నొప్పి కూడా వచ్చి నా ఒళ్లోనే కూర్చుంటుంది గువ్వా. దానికీ వేరే పనుండదు, నాకూ ఉండదు. పని చేస్తున్నప్పుడు అది ఎక్కడికీ పోదు. కాని ఓ మూలన ఉంటుంది. నేను కబుర్లు చెప్తాను, నవ్విస్తాను, ఒకాయన అద్దంలో చూసుకుని బాగుందంటాడు. ఆ కాసేపు నేను నొప్పున్న మనిషిని కాను, కత్తెరున్న మనిషిని. అది కూడా పోతే నాకేం మిగులుతుంది?"

గువ్వ కళ్లు తుడుచుకుంది.

"నాదీ తప్పుంది" అన్నాడు నాన్న. "నీకు దిగులు ఎందుకని దాచాను. ఇకమీదట అడుగు. ఉన్నదున్నట్టు చెప్తాను. కాని నా బదులు నువ్వు జవాబు చెప్పకు."

ఆ మధ్యాహ్నం గువ్వ తను తిప్పి పంపిన వాళ్లను వెతుక్కుంటూ ఒక్కతే బయలుదేరింది. మందుల షాపులో ఆయనకు చెప్పింది. సైకిళ్లు బాగుచేసే అన్నకు చెప్పింది. మా నాన్న పని మానలేదు, నేనే అబద్ధం చెప్పాను, అంది. మొదటిసారి ఆ మాట గొంతు దాటడానికి చాలాసేపు పట్టింది. రెండోసారి కూడా తేలికేమీ కాలేదు. సైకిళ్ల అన్న వెంటనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాలేజీ అబ్బాయి మాత్రం వేరే సెలూన్‌కు అలవాటుపడ్డాడు. అతను ఎదురుపడినప్పుడల్లా గువ్వ తల దించుకునేది.

నాన్న మళ్లీ చాప పరిచాడు. కొన్ని రోజులు బాగుండేవి. కొన్ని రోజులు బాగుండేవి కావు. అలాంటి రోజుల్లో గువ్వ అడిగితే, ఇవాళ గట్టిగానే ఉందని చెప్పేవాడు. ఆ మాట వినడం కష్టంగానే ఉండేది. అయినా వినేది.

బడి తెరిచాక ఒక శనివారం మధ్యాహ్నం గువ్వ సంచీతో నేరుగా సెలూన్‌కు వచ్చింది. నాన్న తెర వెనక పడుకుని ఉన్నాడు. ఆమె బూట్లు విప్పుకుంటుంటే ఒక కొత్త మనిషి లోపలికి వచ్చాడు. ఖాళీ కుర్చీని చూశాడు. తెర వెనకనుంచి నాన్న సన్నగా మూలగడం విన్నాడు.

"మీ నాన్నకు బాలేనట్టుంది. కటింగ్ చెయ్యగలరా పాపా? నేను వేరే చోటికి వెళ్లిపోనా?"

లోపల మంచం కిర్రుమంది. ఇవాళ వద్దులెండి అన్న మాట గువ్వ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"కూర్చోండి. ఆయన్నే అడుగుదాం" అని, వెళ్లి తెర పక్కకు జరిపి పట్టుకుంది.