కాఫీలో ఉప్పు

2086లో కళింగపట్నంలో తెల్లారడమంటే దినచర్యుడు నిద్ర లేపడమే. ప్రతి ఇంటి గోడలోనూ ఈ మరమనిషి ఒకడుంటాడు. పరుపులోని సెన్సర్లతో నాడి చూస్తాడు. ఎవరెన్ని నీళ్లు తాగాలో, ఏ దారిన ఎంత నడవాలో చెబుతాడు, కాఫీ కూడా కొలిచి కలుపుతాడు. వాణ్ణి కనిపెట్టింది హైమవతే. ఊరందరినీ బాగుచేసిన వాడు తన మొగుడు కూర్మారావు గుండెని మాత్రం బాగుచెయ్యలేకపోతున్నాడని ఆవిడ బెంగ.

కూర్మారావు వాడు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసేవాడు. అయినా గుండె లయ నెలనెలా గాడి తప్పుతోంది. నలభై రోజుల్లో కుదుటపడకపోతే తీసేసి కృత్రిమ గుండె పెట్టాల్సిందే అన్నారు డాక్టర్లు. "అరవై నాలుగేళ్లు నాతో ఉన్నదాన్ని ఎలా పారేసుకోను హైమా?" అన్నాడాయన.

పులి మీద పుట్రలా అప్పుడే దినచర్యుడూ పాడయ్యాడు. మొదట కాఫీలో ఉప్పు. తర్వాత నడక. ఇన్నాళ్లూ చెరో దారిన పంపేవాడు కాస్తా, ఇద్దర్నీ కలిపి చేపల రేవులో బురదలోకి తోలాడు. "వీడి తస్సదియ్యా!" అంటూ ఆయన, "నా చేతులతో చేశానే ఈ అప్రాచ్యుణ్ణి" అంటూ ఈవిడ, తిట్టుకుంటూ నవ్వుకుంటూ ఇల్లు చేరారు. మాత్ర వేసుకున్నారా అని అడగడం కూడా వాడి పనే అయ్యాక, మొగుడూ పెళ్లాలు ఇన్ని మాటలాడుకుని ఎన్నాళ్లయిందో!

ముప్పై తొమ్మిదో రోజున, కూర్మారావు స్నానానికి వెళ్లినప్పుడు, హైమవతి వాడి మూత విప్పింది. లోపల అన్నీ సలక్షణంగా ఉన్నాయి. మరెందుకిలా చేస్తున్నావని నిలదీసింది.

"ఇద్దరూ కలిసి నన్ను తిట్టినప్పుడల్లా అయ్యగారి గుండె కుదుటపడుతోందమ్మా. ఇక ఆపరేషన్ అక్కర్లేదు. అందుకే దారి తప్పించాను" అన్నాడు దినచర్యుడు. "ఉప్పు మాత్రం నేను వెయ్యలేదు. నా పంచదార డబ్బాలో అయ్యగారే పోశారు. తిట్టుకోవడానికి మూడోవాడుంటే మీరు మాట్లాడుకుంటారని ఆయన్ని చూసే నేర్చుకున్నాను."

హైమవతికి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఇంత శాస్త్రం చదివి, పక్కనున్న మనిషి పలకరింపు కోసం మొహం వాచిపోయాడని కనిపెట్టలేకపోయానే అనుకుంది. మూత బిగించేసింది.

మర్నాడు పొద్దున్న కాఫీ నోట్లో పోసుకోగానే మొహం వికారంగా పెట్టింది. కూర్మారావు పేపరు చాటు నుంచి ఆత్రంగా చూస్తున్నాడు.

"మళ్లీ ఉప్పేనండీ! వీడిక బాగుపడడు" అంటూ ఆవిడ కుర్చీ ఆయన పక్కకి లాక్కుని కూర్చుంది.