అత్తమ్మ అడిగిన అద్దం మిషన్

బాండ్లీలు అమ్ముకుని బతికే ఇల్లు మాది. ఆ ఇంట్లోనే బాండ్లి పొయ్యెక్కి రెండేళ్ళయింది.

మా ఆయన రాఘవేంద్రప్రసాద్‌కు కర్నూలు పాత బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల అంగడి ఉంది. రెండేళ్ళ కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఆ రోజే డాక్టరు నన్ను పక్కకు పిలిచి, “నూనె వంటలు ఇంట్లో కనబడితే ఈయన మీకు కనబడడమ్మా” అన్నాడు. అంత మొరటుగా చెప్పాలా అని ఏడ్చాను గానీ, ఇంటికొచ్చి నూనె కాచే బాండ్లిని అటకెక్కించేశాను.

అప్పట్లో ఇంట్లో ముగ్గురం. ఆయన, నేను, మా అత్త అలివేలమ్మ. మిరపకాయ బజ్జీ వేయడంలో మా అత్తమ్మకు పేరు. మూడేసి కాయలు పిండిలో ముంచి నూనెలో వదిలి, జల్లిగరిటెతో బాండ్లి అంచు మీద రెండుసార్లు టంగ్ టంగ్‌మని కొట్టేది. మొదటి వాయి కొడుక్కి. కొడుకు తినేదాకా తాను ముట్టేది కాదు. తర్వాత వంటింటి గడప దగ్గర పీట వాల్చుకుని కూర్చునేది. తిన్న బజ్జీల తొడిమలను ప్లేటు అంచున వరసగా పేర్చేది, బడిలో పిల్లలను నిలబెట్టినట్టు.

కొడుకు కోసం డెబ్భై రెండేళ్ళ వయసులో ఆవిడ కూడా నోరు కట్టేసుకుంది. ఏడాది అలాగే గడిపింది. ఒకరోజు టీవీలో ఎయిర్ ఫ్రయర్ చూసి నన్ను కేకేసింది.

“ఏమ్మే పద్మా, నూనె లేకుండానే కాలుస్తాదంట ఇది. మనమూ తెప్పిచ్చుకుందాం. అద్దమున్నది తెప్పియ్యి. లోపల కాలేది కంటికి కనపడాల. కనపడకుండా చేసేది వంటెట్లయితాది?”

మా ఆయనతో చెప్పాను. ఆయన వ్యాపారస్తుడు కదా, వస్తువు నచ్చిన రోజు కొనడు, ధర తగ్గిన రోజు కొంటాడు. దసరాకు ఆఫర్లొస్తాయన్నాడు. దసరా పోయింది. ఉగాదికి చూద్దామన్నాడు. ఉగాదికి పది రోజులుందనగా అత్తమ్మ పోయింది.

పోయే ముందు రోజు సాయంత్రం ఆవిడ పక్కింటివాళ్ళతో చాటుగా ఒక బజ్జీ తెప్పించుకుంది. ఆయన అంగడి నుంచి వచ్చే వేళ. ఆ వాసన తగిలితే ఆయన ఆగడని నా భయం. గబగబా వెళ్ళి ఆవిడ చేతిలోంచి బజ్జీ లాక్కుని చెత్తబుట్టలో వేశాను. ఆవిడ వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. తెల్లారేసరికి మంచంలో చల్లబడి ఉంది. నోటికాడి కూడు లాగిన పాపం అంటారే, అది నాది.

పదో రోజు తుంగభద్ర ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. గంట సేపు చూశాం. “ఏందో కోరిక మిగిలిపోయిండాది. తెలిసినోళ్ళు చెప్పండప్పా” అన్నాడు అయ్యవారు. ఇల్లు చూసుకుంటానని మా ఆయన చెప్పాడు. మహానందికి పోయి అభిషేకం చేయిస్తానన్నాడు. కాకి ఘాటు గోడ మీద నుంచి కదల్లేదు. అప్పుడు నేను కళ్ళు మూసుకుని, ఎవరికీ వినబడకుండా అన్నాను. “అత్తమ్మా, అద్దమున్న మిషనే తెస్తాం. మొదటి బజ్జీ మీకే పెడతా.”

కళ్ళు తెరిచేసరికి కాకి పిండం మీద ఉంది.

మే నెల వచ్చింది. ఒక సోమవారం పొద్దున ఇద్దరం ఎయిర్ ఫ్రయర్ కొనడానికి ఎలక్ట్రానిక్స్ అంగడికి వెళ్ళాం. అంగట్లో చల్లగా ఏసీ వేసి ఉంది. అక్కడ పనిచేసే ఏసేపు అనే అతను ఓపిగ్గా ఒక్కోటీ చూపించాడు.

“ఇద్దరికైతే నాలుగు లీటర్లది సరిపోతాదన్నా. ఈ టచ్చిది చూసేకి బాగుంటాది గానీ, మన కరెంటుకు తట్టుకోదు. తిప్పుడు బటన్‌ది మేలు. కరెంటు పోయినా టైమరు టిక్కుటిక్కుమని తిరుగుతానే ఉంటాది, చావి తిప్పి వదిలిన బొమ్మ మాదిరి.”

“బజ్జీ అయితాదా?” అని అడిగాను.

“నిజం చెప్తాండా అక్కా. జారుపిండి దీంట్లో నిలవదు. బుట్ట సందుల్లోంచి కారిపోతాది. ఉర్లగడ్డ చిప్సు, కట్లెట్లు చేసుకోండి, శానా బాగొస్తాయి.”

అద్దమున్నది ఆ పక్కనే ఉంది. లోపల చిన్న లైటు వెలుగుతోంది. నేను దాని మీద చెయ్యి వేశాను. మా ఆయన దాన్ని అటూ ఇటూ తట్టి చూసి పెదవి విరిచాడు.

“అద్దమెందుకు పద్మా, పగిలేదానికా? కాలిందో లేదో బుట్ట లాగి చూస్తే తెలీదా?”

అప్పుడు కాకి సంగతి చెప్పాల్సింది. నలుగురున్న అంగట్లో, డిగ్రీ చదివినదాన్ని, కాకికి మాటిచ్చానండీ అని ఎలా చెప్పను? సిగ్గేసింది. సరేనని తలూపాను. అద్దం లేనిది, తిప్పుడు బటన్‌ది, నాలుగు లీటర్లది కొనుక్కుని ఇంటికొచ్చాం. ఆయన మిషన్‌ను వంటింటి గట్టు మీద పెట్టి అంగడికి వెళ్ళిపోయాడు.

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని ఎవరన్నారో గానీ, వాళ్ళు కర్నూలు మధ్యాహ్నం చూసి ఉండరు. పన్నెండు దాటితే వీధిలో కుక్క కూడా కనబడదు. వడగాలికి భయపడి తలుపులు, కిటికీలు అన్నీ మూసేసుకుంటాం. బయట కళ్ళు చెదిరే ఎండ, లోపల చీకటి. ఆ చీకట్లో కూలర్ ఒక్కటే గురగురమంటూ ఉంటుంది.

ఉర్లగడ్డలు కోసి, ఉప్పూ కారం చల్లి, బుట్టలో వేశాను. చుక్క నూనె వేయలేదు. బటన్ ఇరవై నిమిషాలకు తిప్పాను. లోపల ఫ్యాన్ సన్నగా తిరగడం మొదలుపెట్టింది. ముందు కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది. తర్వాత ఉర్లగడ్డ వాసన. నేను గట్టుకు ఆనుకుని నిలబడి, ఫరవాలేదే అనుకున్నాను.

కాసేపటికి వాసన మారింది.

శనగపిండి... వాము... కాగిన నూనె.

మా ఇంట్లో శనగపిండి లేదు. అత్తమ్మ పోయిన రోజే ఆ డబ్బా ఖాళీ చేసేశాను. నూనె అంటే దేవుడి దగ్గర దీపానికి పెట్టుకున్నదే, అది కూడా నువ్వుల నూనె. పక్కింట్లో వేస్తున్నారేమో అనుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ వాసన లేదు. మిషన్ దగ్గరికి వచ్చాను. గుప్పుమంది.

బుట్ట లాగి చూశాను. పది నిమిషాలయినా ముక్కలు పచ్చిగానే ఉన్నాయి. కనీసం వేడి కూడా ఎక్కలేదు. మళ్ళీ లోపలికి తోశాను.

కరెంటు పోయింది.

కూలర్ ఆగింది. మిషన్‌లో ఫ్యాన్ ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. టైమరు మాత్రం తిరుగుతోంది... టిక్కు, టిక్కు, టిక్కు. ఏసేపు చెప్పాడు కదా, చావి బొమ్మ మాదిరి. భయమెందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పుడు వినబడింది. మిషన్ లోపలి నుంచి...

సుయ్‌య్...

కాగే నూనెలో పిండి పడ్డ చప్పుడు.

కాస్త ఆగి మరొకటి... సుయ్‌య్.

ఇంకొకటి.

మూడు.

ఆపైన, టంగ్... టంగ్.

ఆ చప్పుడు పాతికేళ్ళు విన్నాను. ఈ మిషన్‌కు అంచు లేదు, గరిటె లేదు. మెడ తిప్పకుండా, కంటి కొసతో మాత్రం గడప వైపు చూశాను. గోడకు ఆనించి ఉండాల్సిన పీట... గడప దగ్గర వాల్చి ఉంది.

దాని మీద ఎవరూ లేరు.

“ఏమ్మే పద్మా...”

ఊపిరి కంటే కొంచెం పెద్దగా వచ్చిందంతే, ఆ మాట.

“కనపల్లేదే... లోపల ఏమీ కనపల్లేదే...”

ఏడుపొచ్చేసింది. రెండు చేతులూ జోడించి మిషన్ వైపే తిరిగి అన్నాను.

“తప్పయిపోయింది అత్తమ్మా. రేపే మార్పిస్తా. అద్దమున్నదే తెస్తా. మొదటిది మీకే పెడతానని చెప్పినా గదా, మీకే పెడతా...”

టిక్కు, టిక్కు.

“నాకెందుకే...” అంది గొంతు. కోపం లేదు అందులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. “వాడు తినకుండా నేనెప్పుడు తిన్నా? వానికి పెట్టు ముందు.”

టింగ్‌మని గంట కొట్టింది. టైమరు ఆగిపోయింది.

చివరికి ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని బుట్ట లాగాను. ఉర్లగడ్డ ముక్కలు ఎలా వేసినవి అలాగే ఉన్నాయి. వాటి కింద నిండుగా నూనె. ఇది నిజమో కాదో తెలుసుకోవాలని వేలి కొస ఆనించాను. చుర్రుమంది. ఆ బొబ్బ మచ్చ ఇప్పటికీ నా చూపుడువేలి మీద ఉంది.

ఫోన్ మోగింది. మా ఆయన.

“పద్మా, ఏం మిషన్ ఇది! బజ్జీ రాదన్న్యాడే ఆ ఏసేపు? అచ్చం అమ్మ చేసినట్లే ఉండాయి. నూనె లేకుండా ఇంత బాగ ఎట్ల చేస్తివి?”

నేను బుట్టలోని నూనె వైపు చూశాను.

“ఎవరితో పంపిస్తివి? నేను లోపల గోడౌన్లో ఉంటి. వచ్చి చూస్తే కౌంటరు మీద ఉండాది. అమ్మ పేరు నేను చెక్కిన ప్లేటు గదా ఇది, ఇంకా ఇంట్లోనే ఉండాదా?”

ఆ ప్లేటు మీద అలివేలమ్మ అని ఆయనే స్వయంగా చెక్కాడు. పదకొండో రోజు దానాల్లో దాన్ని అయ్యవారికి నా చేత్తో ఇచ్చేశాను.

“ఎన్ని తిన్నారు?” అని అడిగాను.

“ఐదో ఆరో... ఎండకేమో పద్మా, చెమటలు పోస్తాండాయి...”

“తినొద్దండీ! ఇంక ముట్టుకోవద్దు!” అని అరిచాను. ఫోన్ కట్టయింది.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి ఉరికి, మూలన నిద్రపోతున్న ఆటో అతన్ని లేపాను. ఆయనకేమన్నా అయితే అది నా వల్లే. దారి పొడుగునా అదొక్కటే నా బుర్రలో. అంగట్లోకి వెళ్ళేసరికి ఆయన బాండ్లీల దొంతరకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. కౌంటరు మీద ప్లేటు లేదు. ఆయన కుడిచేతి వేళ్ళు ఐదూ నూనెతో మెరుస్తున్నాయి.

ఆ రాత్రి ఆయన్ను ఆసుపత్రిలోనే ఉంచారు. ఈసీజీలో ఏమీ తేడా లేదన్నారు. నూనె వంటలేమైనా తిన్నారా అని డాక్టరు అడిగితే, ఆయన అమాయకంగా ముఖం పెట్టి, “పొద్దున తిన్న రాగిసంగటే సార్” అన్నాడు. నాకు భయపడి అబద్ధమాడుతున్నాడనుకున్నాను. తర్వాత అడిగితే, నాకు ఫోన్ చేసిన సంగతే గుర్తు లేదన్నాడు.

మర్నాడు ఆయన్ను ఇంటికి పంపగానే ఇద్దరం వెళ్ళి మిషన్ మార్పించాం. కాకి సంగతి ఈసారి ఏసేపు ఎదుటే మా ఆయనకు చెప్పేశాను. ఆయన నవ్వలేదు. అద్దమున్నదే తీసుకున్నాడు. ఇంటికొచ్చి పిండి గట్టిగా కలిపి, నానా తిప్పలు పడి ఒక బజ్జీ లాంటిది కాల్చాను. అద్దంలోంచి అది కాలుతున్నంతసేపూ కనబడింది. మొదటిది పిట్టగోడ మీద పెట్టి, అత్తమ్మను పిలిచి, దూరంగా నిలబడ్డాను.

కాకి రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు.

ఇది జరిగి మూడు వారాలైంది. మిషన్ ప్లగ్గు తీసేసి, మీద గుడ్డ కప్పి ఉంచాను. అయినా రోజూ గుడ్డ ఎత్తి అద్దంలోంచి చూడకుండా ఉండలేను. బుట్ట అంచున మిరపకాయ తొడిమలు ఉంటాయి, వరసగా పేర్చి. మొదటి రోజు రెండు. మొన్న ఐదు. తీసి పారేస్తాను. మర్నాడు మళ్ళీ ఉంటాయి.

మా ఆయన అంగడి నుంచి వచ్చి ఆకలి లేదంటున్నాడు. రోజూ అదే మాట. ఎల్లుండి రక్తపరీక్షకు రమ్మన్నాడు డాక్టరు.

నిన్న ఆగలేక ఆయన చెయ్యి పట్టుకుని వాసన చూశాను. వాము వాసన.

“నిజం చెప్పండి. అంగట్లో ఏం తింటాండారు?” అని అడిగాను.

“ఏమీ లేదు పద్మా. నీ మీద ఒట్టు” అన్నాడు ఆయన.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడడం లేదు. నా భుజం మీదుగా వంటింటి గడప వైపు చూస్తున్నాడు. నేను పీటను ఆ ఉదయమే పాత సామాన్లవాడికి వేసేశాను. అక్కడ చూడడానికి ఏమీ లేదు.

ఆయన కడుపు మీద చెయ్యి వేసుకుని, చిన్నపిల్లవాడిలా నవ్వి, మెల్లగా అన్నాడు.

“చాలమ్మా... ఇంక చాలు.”